జైలు నుంచి వచ్చిన అన్నయ్యకు ఎలా తోడుండాలి?

మా అన్నయ్య 6 ఏళ్ల శిక్ష పూర్తయి 3 వారాల క్రితం ఇంటికొచ్చాడు. తలుపు తీసే ఉన్నా గడప దగ్గర ఆగిపోతాడు, ఎవరో వెళ్లమని చెప్పాలన్నట్టు. గబగబా నాలుగు ముద్దలు తిని కంచం పట్టుకుని లేచి నిలబడతాడు. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

విడుదలయ్యేవాళ్లకు గుర్తింపు పత్రాలు, ఉండటానికి చోటు, పని దొరికేలా చూడాలని ఖైదీలను ఎలా చూడాలన్నదానిపై ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 108వది చెబుతోంది. అన్నయ్య మాత్రం ఒక్క బట్టల సంచితో బయటికొచ్చాడు. పత్రాల కోసం తిరుగుతున్నాం, అది ఎలాగో అవుతుంది. పని దగ్గరే అసలు చిక్కు. మధ్యలో ఆ ఖాళీ ఏళ్ల గురించి అడిగితే ఏం చెప్పాలి? నిజం ముందే చెప్పేయడం మంచిదని నా నమ్మకం. అన్నయ్యకు మాత్రం భయం.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. లోపలికి వెళ్లకముందు అతనికి హెరాయిన్ అలవాటుండేది. ఇన్నాళ్లు మానేశాక శరీరానికి తట్టుకునే శక్తి తగ్గుతుందని, పాత మోతాదే ప్రాణం తీయొచ్చని, విడుదలైన తొలి వారాల్లోనే ఆ ప్రమాదం ఎక్కువని డాక్టరు చెప్పారు. పాత స్నేహితుల ఫోన్లు అప్పుడే మొదలయ్యాయి.

కాపలా కాస్తున్నామని అనిపించకుండా అతన్ని ఎలా కనిపెట్టుకుని ఉండాలి? జైలు నుంచి వచ్చి నిలదొక్కుకున్నవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.