డిపెష్ మోడ్ అంటే ‘హడావుడి ఫ్యాషన్’ కాదా?

ప్రశ్న: డిపెష్ మోడ్ అనే ఇంగ్లిష్ బ్యాండు పేరుకి ‘హడావుడి ఫ్యాషన్’ అని అర్థం చెబుతుంటారు. ఫ్రెంచ్ నేర్చుకుంటున్న మా తమ్ముడు అది తప్పంటున్నాడు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు: మీ తమ్ముడిదే రైటండీ. 1980లో ఇంగ్లండ్‌లోని బాసిల్డన్‌లో మొదలైన ఆ బ్యాండు ఈ పేరుని ఒక ఫ్రెంచ్ ఫ్యాషన్ పత్రిక నుంచి తీసుకుంది. ‘దెపెష్’ నామవాచకమైతే తంతి, వార్త అని. తూలూజ్ నుంచి వచ్చే ‘లా దెపెష్ దు మిది’ దినపత్రిక పేరులో ఉన్నదీ ఆ మాటే. క్రియగా వాడి ‘దెపెష్ త్వా!’ అంటే మాత్రం ‘త్వరగా కానియ్!’ అని. హడావుడి అక్కణ్ణుంచే దూరింది. కానీ ఫ్రెంచివాళ్లు హడావుడి ఫ్యాషన్‌ని ఈ రెండు మాటలతో, ఈ వరసలో అనరు.

రెండో మాటలోనూ మెలిక ఉంది. ‘మోడ్’ స్త్రీలింగమైతే ఫ్యాషన్, పుంలింగమైతే పద్ధతి. సంగీతంలో స్వరాల వరసకీ పుంలింగమే. పేరు ముందు లింగం తెలిపే ‘లా’ (స్త్రీ), ‘ల’ (పుం) లేవు కాబట్టి ఏది కావాలంటే అది తీసుకోవచ్చు!

నన్నడిగితే ఆ పత్రిక పేరుకి తెలుగు ‘ఫ్యాషన్ కబుర్లు’. ఇక్కడ మన మాటా తక్కువ తినలేదు. కబురు ఒకటైతే సందేశం, నాలుగైతే పిచ్చాపాటీ. ఏ విదేశీ బ్యాండో నిఘంటువు చూసి ‘కబురు’ అని పేరు పెట్టుకుంటే, మనకి ముందు గుర్తొచ్చేది చావు కబురు చల్లగా చెప్పడమే కదా.

ఇంకొకరు: జర్మనీ బ్యాండు ‘క్యాన్’ సంగతీ చూడండి. 1968లో కొలోన్‌లో మొదలైంది. ఇంగ్లిష్‌లో డబ్బా, లేదా ‘గలను’. అవే అక్షరాలు టర్కిష్‌లో చదివితే ‘జాన్’, అంటే ప్రాణం. పారశీకం నుంచి టర్కిష్‌కి వెళ్లిన మాట అది, హిందీ పాటల్లో మనం రోజూ వినే జాన్ కూడా అదే. డబ్బాలో ప్రాణం పెట్టారన్నమాట. ఆ మూడక్షరాలకీ కమ్యూనిజం, అనార్కిజం, నిహిలిజం అని విడమర్చి చెప్పడం తర్వాత అంటగట్టిన పని. నాకైతే అది అతికినట్టుండదు.

ప్రశ్న అడిగినవారు: అందరికీ థాంక్స్. తమ్ముడికి చూపించాను. అన్నీ ఒప్పుకుని, ‘మరి ఆ మిది అంటే ఏమిటో అడిగావా?’ అంటున్నాడు.

జవాబు: మిట్టమధ్యాహ్నం. దక్షిణ ఫ్రాన్స్‌నీ అదే మాటతో పిలుస్తారు, ఆ వేళకి అక్కడ సూర్యుడుండేది దక్షిణానే కాబట్టి.