మా పాపకి గోల్ఫ్ ఎక్కడ నేర్పించాలి?

అందరికీ నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర ఊరు, మా పాపకి 11 ఏళ్లు. టోక్యో ఒలింపిక్స్‌లో మన గోల్ఫర్ అదితి అశోక్‌కి ఒక్క షాట్ తేడాతో పతకం చేజారిన వీడియో చూసిన దగ్గర్నుంచి, వాళ్ల తాత చేత కొబ్బరి మట్ట చెక్కించుకుని, కోత అయిన చేలో రోజూ టెన్నిస్ బంతి కొడుతోంది, అరచేతులు బొబ్బలెక్కినా ఆపదు. 1998లో కొరియా గోల్ఫర్ పాక్ సే రి యూఎస్ మహిళల ఓపెన్ గెలిచాక ఆ దేశంలో ఎంతోమంది ఆడపిల్లలు ఈ ఆటలోకి వచ్చారు, ఇప్పుడు జపాన్, థాయ్‌లాండ్ అమ్మాయిలూ దున్నేస్తున్నారు, మరి మన పిల్లలెందుకు రాకూడదు? మా చుట్టుపక్కల నేర్పేవాళ్లు కనబడలేదు. విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో సభ్యులు కానివాళ్ల పిల్లలకి నేర్పుతారా? ఖర్చు ఎంతవుతుంది? పిల్లల సైజు పాత గోల్ఫ్ కర్రలు (క్లబ్బులు) రెండు మూడు ఎక్కడైనా దొరుకుతాయా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, ఈ వేసవి సెలవుల్లోనే తీసుకెళ్దామని ఉంది.