రోటరీ జాయ్‌స్టిక్‌కు 12 క్లిక్కుల స్విచ్చే కావాలా, ఎన్‌కోడర్ సరిపోదా?

మిర్యాలగూడ_మైక్రోస్విచ్:
ముందే చెప్తున్నా, కొత్తగా షురూ చేసినోడి ప్రశ్న ఇది, నవ్వకండి. ఇకారి వారియర్స్, గెరిల్లా వార్ లాంటి పాత ఎస్‌ఎన్‌కే (జపాన్ కంపెనీ) ఆర్కేడ్ ఆటల కోసం ఇంట్లోనే రోటరీ జాయ్‌స్టిక్ చేస్తున్నా. తెలియనోళ్ళకు ఒక ముక్క: మామూలు స్టిక్ ఎటు వంచితే మనిషి అటు నడుస్తాడు, అటే కాలుస్తాడు. రోటరీలో పుల్లను వంచితే నడక, అదే పుల్లను తిప్పితే తుపాకీ. వెనక్కి పరిగెత్తుకుంటూ ముందున్నోణ్ణి కాల్చొచ్చు. 1986లో ఇకారి మిషన్ మీద వచ్చిన స్టిక్ పేరు ఎల్‌ఎస్-30, చుట్టూ తిప్పితే 12 క్లిక్కులు, ఒక్కోటి 30 డిగ్రీలు. చిన్నప్పుడు టీవీకి పెట్టుకునే క్యాసెట్ ఆటలో ఈ తిప్పుడే లేదు, అందుకే ఈ పిచ్చి పట్టింది.

నేను చేసిందేంటంటే, మామూలు ఆర్కేడ్ స్టిక్ షాఫ్ట్ అడుగున కేవై-040 ఎన్‌కోడర్ (తిప్పిన కొద్దీ సిగ్నళ్ళు పంపే చిన్న భాగం) బిగించి, ప్రో మైక్రో అనే ప్రోగ్రాం రాసుకునే చిన్న బోర్డుతో అది మౌస్ అని కంప్యూటర్‌ను నమ్మించా. మేమ్‌లో (పాత ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రాం) తుపాకీ తిరుగుతోంది కానీ ఒక క్లిక్కుకు ఒకసారి ఒక గడి (ఆటలో చుట్టుకు ఉన్న 12 స్థానాల్లో ఒకటి) జరుగుతుంది, ఇంకోసారి రెండు, గబగబా తిప్పితే ఉన్నచోటే ఉంటుంది. ఎన్‌కోడర్ పీకేసి 12 స్థానాల రోటరీ స్విచ్ పెట్టాలా? పెట్టాలంటే ఆదివారం కోఠి గుజరాతీ గల్లీకి పోవడానికి రెడీ.

గడియారం_సెంటర్:
పెట్టాలి. ఇందులో చర్చ ఏముంది తమ్మీ. ఎన్‌కోడర్ ఎంత జరిగిందో చెప్తుంది, ఎక్కడుందో చెప్పదు. స్విచ్ అయితే పవర్ వేసిన క్షణమే మూడో స్థానంలో ఉన్నా, ఏడులో ఉన్నా అని చెప్తుంది. ఒరిజినల్‌లో ఉన్నదీ అదే, 12 కాంటాక్టులు, ఒక కామన్. నేను లేత్ మీద పని చేసేవాణ్ణి, చేతికి తగిలే క్లిక్కు ఎంత ముఖ్యమో నాకు తెలుసు, కళ్ళు స్క్రీన్ మీద ఉంటే లెక్క పెట్టేది వేళ్ళే. ఒక్క సంగతి చూసి కొను, బ్యాండ్ స్విచ్చుల్లో (రేడియోల్లో వాడే రోటరీ స్విచ్చులు) చివరికి పోయి ఆగిపోయేవే ఎక్కువ. కొన్నిటికి నట్టు కింద స్టాప్ వాషర్ ఉంటుంది, తీసేస్తే గిర్రున తిరుగుతుంది. కొన్నిటిలో లోపలే బొడిపె పోసి ఉంటుంది, విప్పి రాకాల్సిందే.

పాలమూరు_చిప్పు:
అన్నా, మీ అనుభవం మీద గౌరవం ఉంది కానీ ఇది ఒప్పుకోను. ఎల్‌ఎస్-30 పిడి ఎనిమిది పలకలుగా ఉంటుంది, దాని మీద బాణం గుర్తు ఉండదు. పిడి ఎటు చూస్తుందో ఆడేవాడు పట్టించుకోడు, స్క్రీన్ మీద మనిషిని చూసి ఇంకో రెండు క్లిక్కులు తిప్పుతాడు అంతే. పైగా మౌస్‌గా పంపేటప్పుడు మేమ్‌కు చేరేది 'ఒక గడి కుడికి' అనే మాటే. 'ఏడో స్థానం' అని మీరు కష్టపడి తెలుసుకున్నది బోర్డులోనే సచ్చిపోతుంది. ఆ పాత ఆట మిషన్‌లోని అసలు సర్క్యూట్ బోర్డుకే నేరుగా తగిలిస్తే మీ మాట కరెక్టు, 13 వైర్లూ కావాలి. ఆ బోర్డు మన జిల్లాల్లో ఎవరింట్లో ఉందో చెప్పండి, చూడ్డానికి నేనే వస్తా.

ఇక వైర్ల కథ. స్విచ్ షాఫ్ట్ చివర వేలాడుతుంది, స్టిక్ వంచినప్పుడల్లా అదీ ఊగుతుంది. 13 వైర్లు, రోజుకు వేల సార్లు ఊపు. టాంకా (సోల్డర్) పెట్టిన చోటే పుటుక్కున తెగుతాయి. నాకు నాలుగో రోజే రెండు తెగినయి.

గడియారం_సెంటర్:
13 వైర్లు ఎవరు లాగమన్నారు? స్విచ్ వెనకాలే రెసిస్టర్ల నిచ్చెన కట్టు. 5 వోల్టులకూ గ్రౌండుకూ మధ్య 11 రెసిస్టర్లు, ఒక్కోటి 1కె, ఒక్కో జాయింటు ఒక్కో కాంటాక్టుకు. బయటికొచ్చేవి మూడే వైర్లు, కామన్ పోయి బోర్డు అనలాగ్ పిన్‌లో పడుతుంది, అది వోల్టేజీని 0 నుంచి 1023 దాకా అంకెగా చదువుతుంది. పాత మల్టీస్ట్రాండ్ వైరు వాడి, కొంచెం వదులు వదిలి, ఒక చుట్టు చుట్టి బిగిస్తే ఏళ్ళొస్తుంది. నీ వైర్లు తెగినయంటే సింగిల్ స్ట్రాండ్ వాడి ఉంటావు.

పాలమూరు_చిప్పు:
అవును, సింగిల్ స్ట్రాండే. ఒప్పుకున్నా.

కానీ మీ నిచ్చెన కూడా కట్టి చూశా, అందులో ఒక తిరకాసు ఉంది. స్విచ్ ఒక కాంటాక్టు వదిలి ఇంకోటి పట్టుకునే లోపల ఏదీ తగలని ఒక రవ్వంత సమయం ఉంటుంది. పిన్ గాలిలో ఉండొద్దని గ్రౌండుకు 100కె పెట్టా. మధ్యలో రీడింగ్ సున్నా వచ్చింది, నా ప్రోగ్రాం దాన్ని మొదటి స్థానం అనుకుంది. ఆటలో ఎలా కనపడిందంటే, ఏ క్లిక్కు తిప్పినా తుపాకీ ఒక్కసారి టక్కున ఒకే దిక్కుకు పోయి మళ్ళీ వస్తోంది, దయ్యం పట్టినట్టు. రెండు రాత్రులు బోర్డుదే తప్పనుకున్నా. చివరికి మొదటి కాంటాక్టుకూ గ్రౌండుకూ మధ్య ఇంకో 1కె వేసి మొత్తం 12 చేశా. అప్పుడు స్థానానికీ స్థానానికీ మధ్య సుమారు 85 తేడా (1023ను 12తో భాగిస్తే), మొదటిది 85 దగ్గర, చివరిది 1023. 40 కంటే తక్కువ వస్తే 'మధ్యలో ఉన్నాం, పట్టించుకోకు' అని రాశా. దయ్యం వదిలింది.

జడ్చర్ల_8బిట్:
మీరిద్దరూ కొట్లాడుకునే లోపు ఆ తమ్ముడి ఎన్‌కోడర్ ఎందుకు తప్పు చేస్తుందో ఎవరూ చెప్పలేదు. తమ్ముడూ, కేవై-040లో ఎక్కువగా చుట్టుకు 20 క్లిక్కులు, క్లిక్కుకు సిగ్నల్‌లో నాలుగు మార్పులు. నువ్వు ప్రతి మార్పుకూ మౌస్‌ను జరిపి, పైన మేమ్‌లో సెన్సిటివిటీ అడ్డదిడ్డంగా పెట్టి ఉంటావు. నాలుగు మార్పులు పూర్తయ్యాకే ఒక క్లిక్కు అని లెక్కేసి, అప్పుడు ఒకే మోతాదు పంపు. తర్వాత ఆటలో ట్యాబ్ కొట్టి అనలాగ్ కంట్రోల్స్‌లో సెన్సిటివిటీని కొంచెం కొంచెంగా మార్చుకుంటూ క్లిక్కుకు గడి వచ్చేదాకా పో. గబగబా తిప్పితే కదలట్లేదంటే లూప్‌లో ఎక్కడో డిలే పెట్టుకున్నావు, ఇంటరప్ట్ పిన్లకు (ప్రోగ్రాం ఏ పనిలో ఉన్నా మార్పును వెంటనే పట్టుకునేవి) మార్చు. రెండు సిగ్నల్ పిన్ల నుంచి గ్రౌండుకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు కూడా వెయ్.

పరీక్ష ఇలా చెయ్. పిడి మీద తెల్ల టేపు ముక్క అంటించు. సరిగ్గా మూడు చుట్లు తిప్పు, 60 క్లిక్కులు. ఆటలో 12 గడులు కాబట్టి తుపాకీ ఐదు చుట్లు తిరిగి మొదలుపెట్టిన దిక్కుకే రావాలి. మెల్లగా ఒకసారి, రాక్షసంగా ఒకసారి. మెల్లగా తిప్పితే వచ్చి, స్పీడుగా తిప్పితే రాకపోతే క్లిక్కులు మింగుతోంది.

ఇంకో మాట, దీనికి నన్ను తిడతారని తెలుసు. 20 క్లిక్కుల ఎన్‌కోడరే మేలు అంటా. వెనక్కి తిరగాలంటే ఆరు గడులు. 12 క్లిక్కుల స్టిక్‌లో దానికి మణికట్టు 180 డిగ్రీలు తిరగాలి, మధ్యలో పట్టు మార్చుకోవాలి. 20 క్లిక్కుల దాంట్లో ఆరు క్లిక్కులంటే 108 డిగ్రీలే. హాయిగా అయిపోతుంది.

గడియారం_సెంటర్:
అదే తప్పు. పట్టు మార్చుకోవడంలోనే ఆ ఆట కష్టం ఉంది. వెనకనుంచి ట్యాంకు వస్తుంటే ఆరు క్లిక్కులు తిప్పేలోపు ప్రాణం పోతుంది కాబట్టే ముందుచూపుతో తిరిగి నిలబడతావు. 108కి కుదిస్తే ఆట సులువైపోయింది, వేరే ఆట అయిపోయింది. క్యారంబోర్డు చిల్లులు పెద్దవి చేసుకుని గెలిచానంటే ఎలాగో ఇదీ గట్లనే.

జడ్చర్ల_8బిట్:
నా వయసు 46 అన్నా, నా మణికట్టుకు మీ నియమాలు తెలియవు 😄

పాలమూరు_చిప్పు:
రెండూ వద్దు, అరిగేవేవీ వద్దు. ఏఎస్5600 అయస్కాంత సెన్సర్ పెట్టండి. చుట్టుకు 4096 లెక్కలు, 12తో భాగిస్తే గడికి 341 చిల్లర. తగిలేది, రాసుకునేది ఏదీ లేదు. గీత మీద ఊగిసలాడకుండా పక్క గడిలోకి 40 లెక్కలు పోయాకే మారనివ్వండి.

గడియారం_సెంటర్:
అయస్కాంతం షాఫ్ట్‌కు, సెన్సర్ డబ్బాకు బిగిస్తే స్టిక్ వంచగానే అయస్కాంతం పక్కకు జరుగుతుంది, తిప్పకుండానే గడి మారుతుంది. సెన్సర్ కూడా షాఫ్ట్‌తో పాటే ఊగాలి, అంటే మళ్ళీ నాలుగు వైర్లు ఊగుతాయి. వైర్ల గురించి నాకు చెప్పింది నువ్వే కదా. పైగా క్లిక్కు ఏది? వెన్నలో గరిట తిప్పినట్టు ఉంటుంది.

క్లిక్కు కావాలంటే చేసుకోవచ్చు, అది నేనొప్పుకుంటా. పాత గోడ గడియారం డయల్ కాగితం ఉంటుంది చూడు, 12 అంకెలు, అంకెకు 30 డిగ్రీలు, ఎవడో మన కోసమే కొలిచి పెట్టాడు. దాన్ని చిన్నగా ప్రింట్ తీసి ఇనుప వాషర్‌కు అంటించి, ప్రతి అంకె దగ్గర సెంటర్ పంచ్ కొట్టి గుంట పెట్టు. సైకిల్ హబ్బులో ఉండే ఉక్కు గుండు ఒకటి, వెనక బాల్‌పెన్ స్ప్రింగు. గుంటలో గుండు పడిందంటే ఆ సౌండే వేరు. గుండు గుంటలో కూర్చున్నప్పటి రీడింగే గడి మధ్య అనుకోవాలి, ఆ తేడా తీసేసి బోర్డులో దాచుకుంటే సరి.

మిర్యాలగూడ_మైక్రోస్విచ్:
అందరికీ థ్యాంక్స్, రిజల్ట్ చెప్తున్నా. డిలే నిజంగానే ఉంది, ఎప్పుడో కాపీ కొట్టిన ప్రోగ్రాంలోది. నాలుగుకు ఒకటి లెక్క, కెపాసిటర్లు, ఇంటరప్టులు అన్నీ పెట్టా. 60 క్లిక్కుల పరీక్షలో మెల్లగా పాస్. స్పీడుగా తిప్పితే తుపాకీ ఒక గడి వెనక ఆగింది, నాలుగుసార్లూ అంతే. మళ్ళీ ప్రోగ్రాం అంతా వెతికా. చివరికి చూస్తే షాఫ్ట్‌కూ ఎన్‌కోడర్‌కూ మధ్య నేను పెట్టిన హీట్‌ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే ప్లాస్టిక్) గొట్టం మెలిపడి జారుతోంది, పిడి 60 తిరిగితే కింద 59! గొట్టం తీసేసి ఇత్తడి కప్లర్, గ్రబ్ స్క్రూ పెట్టించా. ఇప్పుడు ఎంత తిప్పినా వస్తోంది.

20 క్లిక్కులతో వారం ఆడా. హాయిగానే ఉంది, కానీ ఎన్ని క్లిక్కులు తిప్పానో చేతికి గుర్తుండట్లేదు, రెండు దాటగానే కలిసిపోతున్నాయి, క్లిక్కు మరీ మెత్తగా ఉంది. ఏఎస్5600 ఆర్డర్ పెట్టా, సెన్సర్ షాఫ్ట్‌తోనే ఊగేలా. గడియారం అన్నా, ఆ డయల్ కాగితం ఎంత సైజులో ప్రింట్ తీయాలి?

జడ్చర్ల_8బిట్:
ద్రోహం.

గడియారం_సెంటర్:
గుంటల వలయం వ్యాసం 30 మిల్లీమీటర్లు ఉంటే గుంటకూ గుంటకూ మధ్య ఎనిమిది మిల్లీమీటర్ల దాకా వస్తుంది, అంతకన్నా చిన్నది చేయకు, గుండు నిలవదు. వాషర్ దళసరిది తీసుకో. పంచ్ చేతితో కొడితే ఒకటో రెండో పక్కకు పోతాయి, నల్లగొండ వచ్చేటట్టుంటే పట్టుకురా, లేత్ మీద కొట్టిస్తా.