ఉక్కు ఫ్యాక్టరీ చేతులు మారితే పింఛను నిధి లోటు ఎవరి నెత్తిన?

గాజువాక రవి
నష్టాల్లో ఉన్న ఉక్కు కంపెనీని కొనేవాడు పాత కార్మికుల పింఛను నిధిలోని లోటునూ మోయాల్సిందే. బ్రిటన్‌లో టాటా ఏం చేసింది? 2007లో అక్కడి ఉక్కు కంపెనీ కోరస్‌ను కొన్నప్పుడు దాని కార్మికుల బ్రిటిష్ స్టీల్ పింఛను పథకం కూడా వెంట వచ్చింది. సుమారు 1,30,000 మంది సభ్యులు, దాదాపు 1,500 కోట్ల పౌండ్ల బాధ్యత. 2017లో 55 కోట్ల పౌండ్లు కట్టి, టాటా స్టీల్ యూకేలో 33 శాతం వాటా పథకానికే ఇచ్చి దాన్ని వదిలించుకుంది. ఫ్యాక్టరీ మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

పద్దుల ప్రసాద్
రవి గారూ, ఇష్టమొచ్చినట్టు వదిలించుకోవడం అక్కడ కుదరదు. యజమాని తప్పుకుంటే అక్కడి పింఛను చట్టంలో 75వ సెక్షన్ కింద బాకీ పడుతుంది. అది పద్దుల్లో కనిపించే లోటు కాదు. పింఛన్లన్నీ బీమా కంపెనీకి అప్పగించడానికి ఎంతవుతుందో దాన్నిబట్టి కట్టే లెక్క, చాలా పెద్దది. ఆ బాకీ తగ్గించాలంటే పింఛన్ల నియంత్రణ సంస్థ ఒప్పుకోవాలి. 12 నెలల్లో దివాలా తప్పదని చూపాలి. దివాలాలో దొరికేదానికన్నా చెప్పుకోదగ్గంత ఎక్కువ నిధికి రావాలి. పైగా నిధికి కంపెనీలో వాటా ఇవ్వాలి: బయటివాడు కొంటే 10 శాతం, పాత యజమానే కొనసాగితే 33. టాటాకు 33 పడింది అందుకే.

గాజువాక రవి
నష్టాల కంపెనీలో 33 శాతం ఎవరి కడుపు నింపుతుంది? అసలు దివాలా తప్పదని తేల్చడం ఎలా? మాతృసంస్థ డబ్బు ఆపేస్తానంటే ఏ కంపెనీకైనా తప్పదు!

సుజాత కె
ఆ 33 గొడవ ఆపి సభ్యులకు ఏమైందో చెప్పండి.

పద్దుల ప్రసాద్
రెండు దారులిచ్చారు. కొత్త పథకంలోకి వెళ్తే మూల పింఛను తగ్గదు, ఏటేటా పెంపు మాత్రం చట్టం అడిగే కనీసానికి దిగుతుంది. లేదా పింఛను రక్షణ నిధి, అంటే యజమాని దివాలా తీస్తే పింఛన్లు ఇచ్చే నిధి. అప్పటి నిబంధనల ప్రకారం అందులో పింఛను వయసు దాటినవారికి పూర్తిగా, మిగిలినవారికి 90 శాతం. 1997 ఏప్రిల్‌కు ముందు సర్వీసుకు పెంపు ఉండేది కాదు.

సుజాత కె
మూడో దారి దాచేశారేం? దాదాపు 8,000 మంది మొత్తం సొమ్ము తీసుకుని బయటికొచ్చారు. వాళ్లకిచ్చిన సలహాల్లో సుమారు సగం తప్పుడువని తేలి, 2023లో పరిహార పథకం పెట్టాల్సి వచ్చింది. గడువు తక్కువ, కాగితాలు ఎక్కువ. గుమ్మం ముందు కమీషన్ ఏజెంట్లు.

గాజువాక రవి
చూశారా! కొనేవాడి లాభం కోసమే మీ లెక్కలన్నీ, ప్రసాద్ గారూ.

పద్దుల ప్రసాద్
మాట జాగ్రత్త. లోటు అంటగడితే కొనేవాడే రాడు. టాటాకే చెందిన స్కన్‌థార్ప్ ఉక్కు ఫ్యాక్టరీని 2016లో గ్రేబుల్ అనే పెట్టుబడి సంస్థ 1 పౌండుకు తీసుకుంది. పాత పింఛను బాధ్యత టాటా వైపే ఉండిపోయింది కాబట్టే తీసుకుంది.

గాజువాక రవి
తీసుకుని? 2019 మేలో ఆ కంపెనీ లిక్విడేషన్‌కు (ఆస్తులు అమ్మి మూసేసే దశకు) వెళ్లింది. పింఛను బరువు లేకపోయినా మునిగింది. ముంచింది పింఛను కాదు!

లాయర్ పద్మ
మన దగ్గర సంగతి వేరు. ఈపీఎస్ (ఉద్యోగుల పింఛను పథకం) అందరిదీ ఒకే నిధి. ఒక ఫ్యాక్టరీ మూతపడితే ఆ ఒక్క ఫ్యాక్టరీవాళ్ల పింఛనుకు చిల్లు పడదు. చిక్కంతా కట్టని బకాయిల్లో, మినహాయింపు పొంది కంపెనీలే నడుపుకునే పీఎఫ్ ట్రస్టుల్లో. ట్రస్టు ఇచ్చే వడ్డీ ఈపీఎఫ్‌వో (పీఎఫ్ నడిపే కేంద్ర సంస్థ) ప్రకటించిన రేటుకు తగ్గితే తేడా యజమానే పూడ్చాలి. సంస్థ చేతులు మారితే పీఎఫ్ చట్టంలోని 17బి సెక్షన్ కింద బదిలీ తేదీ దాకా ఉన్న బకాయిలకు పాత, కొత్త యజమానులిద్దరూ బాధ్యులు; కొత్తవాడి బాధ్యత తనకు సంక్రమించిన ఆస్తుల విలువ వరకే. దివాలా కేసులోనూ పీఎఫ్, గ్రాట్యుటీ బకాయిలు కట్టాలని జెట్ ఎయిర్‌వేస్ కేసులో కంపెనీ వివాదాల అప్పీలు ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌ఏటీ) ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు 2023 జనవరిలో జోక్యం చేసుకోలేదు.

గాజువాక రవి
అదీ లెక్క! పింఛను దానం కాదు, చేసిన పనికి వాయిదా వేసిన జీతం. రిటైరైనవాడు మళ్లీ సమ్మె చేయలేడు, ఇంకో చోట పనికి పోలేడు.

పద్దుల ప్రసాద్
ఇప్పుడొచ్చింది అసలు తగువు. జీతమే, కాదనను. కానీ ఆ జీతాన్ని ఫ్యాక్టరీ కొలిమితో (బ్లాస్ట్ ఫర్నేస్‌తో) ముడిపెట్టి ఉంచడమే ప్రమాదమంటాను. బ్రిటన్‌లోని ఆ కొత్త పథకం 2023 నాటికి దాదాపు 750 కోట్ల పౌండ్ల బాధ్యతలను మొత్తంగా లీగల్ అండ్ జనరల్ అనే బీమా కంపెనీతో బీమా చేయించుకుంది. 2024లో పోర్ట్ టాల్బట్‌లోని టాటా ఫ్యాక్టరీలో రెండు ఫర్నేసులూ ఆరిపోయాయి. పింఛన్లు ఆగలేదు.

గాజువాక రవి
ఆ బీమాకు డబ్బు మిగిలింది ఎవరి పెంపు కోస్తే? వృద్ధులు వదులుకున్నదాన్ని మీరు లాభంలో రాస్తున్నారు. ఉద్యోగాలు కాపాడటానికే అన్నారు, సుమారు 2,800 ఉద్యోగాలు పోతాయని 2024లో టాటావాళ్లే ప్రకటించారు.

పద్దుల ప్రసాద్
2017లోనే కంపెనీ మునిగి ఉంటే? అందరూ రక్షణ నిధిలోకి పోయేవారు, రిటైర్ కానివాళ్లకు 10 శాతం కోత పడేది.

సుజాత కె
ఇద్దరూ చెప్పేది ఒకటే డబ్బు గురించి. కోత ఎవరికన్నదే తేడా.

లాయర్ పద్మ
రవి గారూ, మీ మనసులో ఉన్నది విశాఖ ఉక్కే కదా. 2021 జనవరిలో కేంద్రం అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పటి నుంచి ఇదే భయం. 33 శాతం పట్టుకుంటే లాభం లేదు. అమ్మకం మాట వచ్చిన ఏ ఫ్యాక్టరీలోనైనా యూనియన్ మూడు కాగితాలు అడగాలి: పీఎఫ్ నెలవారీ చలాన్లు, ట్రస్టు ఉంటే దాని ఆడిట్ నివేదిక, గ్రాట్యుటీకి లెక్కించిన బాధ్యతతో పాటు దానికి ఎదురుగా నిజంగా ఉన్న సొమ్ము. బిడ్ పత్రాలు బయటికి రాకముందే అడగాలి.

గాజువాక రవి
ఆడిట్ నివేదిక ఇచ్చేది లేదంటే? ఎవరికి రాయాలి?

లాయర్ పద్మ
ట్రస్టు బోర్డులో కార్మికుల తరఫు ట్రస్టీలు ఉంటారు, ముందు వాళ్లనే అడగండి. వాళ్లూ ఇవ్వకపోతే ప్రాంతీయ పీఎఫ్ కమిషనర్‌కు రాతపూర్వకంగా.