అప్‌డేట్: నాన్నకి క్రియాటినిన్ పెరగడానికి కారణం రిజెక్షన్ కాదు, బీకే వైరస్

అమ్మ ఇచ్చిన కిడ్నీ పెట్టి ఏడు నెలలైన నాన్నకి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, పెరిగితే పనితీరు తగ్గినట్టు) 1.3 నుంచి 2.1కి ఎందుకెళ్లింది, రిజెక్షనేనా, అంటే ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొడుతోందా అని మార్చిలో ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. "బీకే వైరస్ పీసీఆర్ (వైరస్ ఉందో లేదో, ఎంత ఉందో చూసే పరీక్ష) చేయించారా" అని ఒకరు రాశారు, అదే నిజమైంది.

మర్నాడే గాజువాక నుంచి వెళ్లి డాక్టర్‌గారిని అడిగితే రక్తంలో పీసీఆర్, తర్వాత బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూడటం) రాశారు. బయాప్సీలో ఎస్‌వీ40 స్టెయిన్ పాజిటివ్, అంటే కిడ్నీలోనే బీకే వైరస్ ఉన్నట్టు. ఈ వైరస్ చాలామందికి చిన్నప్పుడే సోకి కిడ్నీలో ఊరికే పడి ఉంటుందట, ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేసరికి లేస్తుంది. 1971లోనే ఒక ట్రాన్స్‌ప్లాంట్ పేషెంట్ మూత్రంలో కనిపెట్టారు, ఆయన పేరులోని పొడి అక్షరాలే బీకే. దీన్ని చంపే ప్రత్యేకమైన మందు లేదు, ఆ మందుల డోసు తగ్గించడమే వైద్యం. రిజెక్షన్ అయితే పెంచాలి, ఇక్కడ తగ్గించాలి. ఊహించి వైద్యం చేసి ఉంటే మా కొంప మునిగేది.

నాన్న వాడే ఇమ్యూనిటీ తగ్గించే మందుల్లో మైకోఫెనోలేట్ సగం చేశారు, టాక్రోలిమస్ కూడా రక్తంలో దాని లెవెల్ చూసుకుంటూ తగ్గించారు. మూడు నెలలకి వైరస్ కౌంట్ 46,000 నుంచి 700కి దిగింది, క్రియాటినిన్ 1.6 దగ్గర ఆగింది, పాత 1.3కి రాకపోవచ్చన్నారు. ఆ రిపోర్టు చూసి అమ్మ ఏమీ మాట్లాడలేదు, నాలుగు మడతలు పెట్టి దేవుడి గూట్లో పసుపు డబ్బా కింద పెట్టింది.

నేను అనుమానించిన వైజాగ్ ఎండ, నీళ్లు తక్కువ తాగడం, బీపీ మాత్ర, ఏవీ కారణం కాదు. సీఎంవీ అనే ఇంకో వైరస్ పరీక్ష కూడా నెగెటివ్. నాన్నకి జ్వరం లేదు, నొప్పి లేదు, అందుకే కొత్తగా ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లు మొదటి నెలల్లో నెలనెలా ఈ పీసీఆర్ గురించి డాక్టర్ని తప్పకుండా అడగండి. డోసు మాత్రం దయచేసి మీరే తగ్గించుకోకండి.