గిలియన్ వెల్చ్ 'రివైవల్': లాస్ ఏంజెలెస్‌లో పెరిగిన అమ్మాయి అపలాచియన్ కొండ ప్రాంతం పాటలు పాడవచ్చా?

పాత_క్యాసెట్లు:
ఇక్కడ అందరూ 1996 నాటి ఈ ఆల్బమ్‌ను నెత్తిన పెట్టుకుంటున్నారు కాబట్టి అడుగుతున్నాను. అమెరికన్ గాయని గిలియన్ వెల్చ్ పెరిగింది లాస్ ఏంజెలెస్‌లో. తల్లిదండ్రులు టీవీలో కరోల్ బర్నెట్ హాస్య షోకు సంగీతం రాసినవారు. చదివింది బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో. ఈమె పాతకాలపు గౌను వేసుకుని సారా బట్టీల గురించీ, అలబామా కౌలు రైతుల గురించీ పాడుతుంది. సొంత అనుభవం కాని దాన్ని పాడుతోందని రోలింగ్ స్టోన్ పత్రిక సమీక్ష అప్పుడే తప్పు పట్టింది. నా మటుకు నాకు ఇదంతా వేషం.

తంబూరా:
వేషమే అనుకుందాం. అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెప్పినవాళ్లంతా ఆయన వెంట మన్యంలో తిరిగారా? 'అనబెల్' పాట వినండి. ఇరవై ఎకరాల కౌలుకు పత్తిలో సగం, మొక్కజొన్నలో మూడో వంతు. పాట ఈ లెక్కతో మొదలై బిడ్డ సమాధి దగ్గరికి చేరుతుంది, మధ్యలో ఎక్కడా ఏడుపు లేదు. నిర్మాత టి-బోన్ బర్నెట్ కొన్ని పాటల్లో జేమ్స్ బర్టన్ గిటార్, జిమ్ కెల్ట్నర్ డ్రమ్స్ పెట్టించారు. అయినా చివరికి చెవిలో మిగిలేది వెల్చ్, ఆమెతో కలిసి పాడే డేవిడ్ రాలింగ్స్ గొంతులే.

పత్తిచేను:
మా గుంటూరు వైపు పత్తికి పంటలో వాటా ఉండదండీ. ఎకరానికి ఇంత అని డబ్బు కట్టాల్సిందే.

పాత_క్యాసెట్లు:
నేను బర్క్‌లీ గురించి అడిగితే మీరు బుర్రకథ చెబుతున్నారు. పేదరికం వీళ్లకు గౌనులాంటిది, కార్యక్రమం అయ్యాక విప్పి మడతపెట్టుకోవచ్చు.

గడ్డపార:
1997 గ్రామీ సంగీత అవార్డుల్లో సమకాలీన జానపద విభాగంలో ఈ ఆల్బమ్ నామినేట్ అయింది. గెలిచింది రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 'ద గోస్ట్ ఆఫ్ టామ్ జోడ్'. ఆయనది న్యూజెర్సీ. పాడింది కాలిఫోర్నియా వలస కూలీల గురించి. అప్పటికే కోటీశ్వరుడు. ఆయనను ఎవరైనా ఊరి పేరు అడిగారా? ఆడమనిషి కాబట్టే ఈమెకు ఈ విచారణ.

పాత_క్యాసెట్లు:
దీన్ని ఆడా మగా గొడవ చేయకండి.

వెన్నెలగట్టు:
ఈ ఆల్బమ్‌లోని 'ఆర్ఫన్ గర్ల్' (అనాథ పిల్ల) పాట మాత్రం ఆమె అనుభవమే. ఆమెను దత్తత తీసుకుని పెంచారు. ఆ పాటను 1995లోనే గాయని ఎమిలూ హ్యారిస్ పాడారు.

పాత_క్యాసెట్లు:
దత్తతకూ అనాథ బతుకుకూ తేడా తెలియదా?

తంబూరా:
తమరికి రుజువులు కావాలా, ధ్రువపత్రాలు కావాలా? పాట పాడాలంటే తహసీల్దారు దగ్గర నివాస పత్రం తెచ్చుకోవాలా? నేను పుట్టింది హైదరాబాద్‌లో. పల్లెపదాలు పాడితే "నీకేం తెలుసు పొలం సంగతి" అని సభల్లో మొహం మీదే అన్నారు. మీలాంటివాళ్లే అన్నారు.

పాత_క్యాసెట్లు:
సరే, మీ కథ చెప్పారు కాబట్టి మా కథా వినండి. మా అమ్మ నాట్ల వేళ పాడే పాటను ఒక పెద్దమనిషి ఇంటికొచ్చి, మా చాయ్ తాగి, ఫోనులో రికార్డు చేసుకుని వెళ్లాడు. తర్వాత అది యూట్యూబులో వచ్చింది. "రచన, బాణీ" అని ఆయన పేరే. అమ్మ పేరు కింద కూడా లేదు. ఫోన్ చేస్తే "జానపదానికి యజమాని ఎవరమ్మా" అన్నాడట. నగరంవాళ్లు పాడితే నాకు ఎందుకు ఒళ్లు మండుతుందో ఇప్పుడైనా తెలిసిందా?

తంబూరా:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. అది దొంగతనం. వెల్చ్ అలా చేయలేదు. ఆ ఆల్బమ్ పాటలు తను, రాలింగ్స్ రాసుకున్నవే.

పాత_క్యాసెట్లు:
మాటలు రాసుకున్నారు. ఆ బాణీల తీరు ఎక్కడిది? అపలాచియన్ కొండ పాటలను తొలినాళ్లలో రికార్డు చేసిన కార్టర్ కుటుంబం దగ్గరిది. వాళ్లకు ఎక్కడిది? 1927లో అమెరికాలోని బ్రిస్టల్‌లో తొలి రికార్డులు ఇచ్చాక ఎ.పి. కార్టర్ పాటల కోసం ఊళ్లు తిరిగాడు. వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు ఉండేవాడు. కార్టర్ మాటలు రాసుకునేవాడు, బాణీలు గుర్తుపెట్టుకునే పని రిడిల్‌ది. హక్కులు కార్టర్ పేరిట, రిడిల్‌కు పేరూ లేదు, వాటా లేదు.

గడ్డపార:
రిడిల్‌కు జరిగిన అన్యాయానికి 1967లో పుట్టిన వెల్చ్ జవాబు చెప్పాలా? మీ అమ్మగారి పాట గురించి వేరే చర్చ మొదలుపెట్టండి, నేను తప్పకుండా వస్తాను.

పాత_క్యాసెట్లు:
మొదలుపెట్టను. గిలియన్ వెల్చ్ పేరు పెడితేనే ఇంతమంది వచ్చారు. నాట్ల పాట అని పెడితే మీరిద్దరూ, ఆ పత్తి ఆయనా తప్ప ఎవరు వస్తారు?

పత్తిచేను:
నేను వస్తానండీ. ఆ వీడియో లంకె ఉంటే ఇక్కడే పెట్టండి.