ఎముక "కుళ్ళింది" అనొచ్చా?

అనువాదకురాలు, తిరుపతి: మణికట్టు ఆపరేషన్‌కి ముందు రోగికి ఇచ్చే కరపత్రం తెలుగు చేస్తున్నాను. కీన్‌బాక్ జబ్బు, 1910లో వియన్నా ఎక్స్‌రే వైద్యుడు కీన్‌బాక్ వర్ణించినది. మణికట్టు 8 ఎముకల్లో లూనేట్ నెత్తురందక చచ్చిపోతుంది. పాత ప్రతిలో "ఎముక కుళ్ళు" అని ఉంది. ఉంచొచ్చా?

ఎముకల డాక్టర్, తిరుపతి: దయచేసి ఉంచకండి మేడమ్. కుళ్ళు అంటే చీము, క్రిములు. ఇందులో రెండూ లేవు. ఆ మాట విన్న మనిషి చెయ్యి తీసేస్తారేమో అని హడలిపోతాడు. "నెత్తురాడని ఎముక" అనండి. "నెత్తురాడక చెయ్యి తిమ్మిరెక్కింది" అని అందరూ అనేదే కదా.

తెలుగు మాస్టారు, చిత్తూరు: బాగుంది. లూనేట్‌కు "నెలవంక ఎముక" సరిపోతుంది, పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో అలాగే కనిపిస్తుంది. ముంజేతిలోని రెండు ఎముకలు రేడియస్, అల్నాలకు బడి పుస్తకాల్లోని రత్ని, అరత్ని ఉన్నాయి. అమరకోశంలో అవి కొలతలు: పిడికిలి మూసిన మూర రత్ని, చిటికెన వేలు చాపితే అరత్ని. అల్నా ఉండేదీ చిటికెన వేలి వైపే!

డాక్టర్: గుర్తు పెట్టుకోను భలే ఉంది సార్. కరపత్రంలో మాత్రం రత్నిని "బొటనవేలి వైపు ఎముక" అనే రాయాలి. అరత్ని పొట్టిగా ఉన్న చేతుల్లో బరువు నెలవంక మీద పడుతుంది. అది ఇంకా కూలకపోతే రత్నిని 2–3 మిల్లీమీటర్లు తగ్గించి ప్లేటు, స్క్రూలు వేస్తాం. రంపం తినే మందం కూడా ఆ లెక్కలోదే. అది మరిచి ఎక్కువ కోస్తే బరువు చిటికెన వేలి వైపు పోయి అక్కడ నొప్పి మొదలవుతుంది. కాబట్టి "ఎముక తీసేస్తారు" కాదు, "పొట్టి చేస్తారు".

అనువాదకురాలు: గ్రాఫ్ట్‌కు?

మాస్టారు: "అంటు". మామిడి తోటలున్న జిల్లాలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

డాక్టర్: మంచి మాట, ఒక తేడాతో. మామిడి అంటుకు రసం వేరు మొక్క ఇస్తుంది. ఇక్కడ అంటు ముక్కే నెత్తురు తెస్తుంది. రత్ని వెనక వైపు నుంచి సన్నటి ధమనితో సహా ముక్క తీసి, నెలవంకలో చచ్చిన భాగం గోకేసి నాటుతాం. ధమని మెలిపడినా నలిగినా అంటు చస్తుంది. పైపెంకు కూలిపోయాక నాటినా నిలవదు.

మాస్టారు: పుత్తూరు పక్కనే కాబట్టి "కట్టు చాలదా" అని అడుగుతారు.

డాక్టర్: తొలి దశలో పిండికట్టు మేమూ వేస్తాం. కట్టు కదలికను ఆపగలదు, అంతే. ఆగిన నెత్తురును తేలేదు. బాగా కూలిపోతే నెలవంకతో కలిపి దాని వరసలో పెద్ద ఎముకలు మూడూ తీసేస్తాం. అప్పుడు వేళ్ళ వైపు వరసలోని కాపిటేట్ అనే ఎముక తల రత్ని గుంటలో కూర్చుంటుంది. ఆ తల మీది మృదులాస్థి అరిగిపోయి ఉంటే ఇదీ కుదరదు. మిగిలింది ఆర్థ్రోడెసిస్.

అనువాదకురాలు: "కీలు బిగించడం" అని రాశాను.

మాస్టారు: బిగించింది వదులవుతుందనుకుంటారమ్మా. "అతికించడం" అనండి. విరిగిన ఎముక "అతుక్కుంది" అంటాం కదా.

డాక్టర్: అదే సరైంది, ఎముకలు నిజంగానే ఒకటైపోతాయి. దాని కిందే ఇంకో వాక్యం పెద్ద అక్షరాల్లో వెయ్యండి: "మణికట్టు ఇక వంగదు. వేళ్ళు ఆడతాయి, అరచెయ్యి తిరగేసుకోవచ్చు."